అమ్మ విశ్రాంతిలో ఉంది

బెంజ్ సర్కిల్ దగ్గరి చీరల షాపులో రెండో అంతస్తు ఎక్కగానే ఒక అమ్మాయి ఎదురొచ్చి, "రండి మేడమ్, కూర్చోండి" అంటూ ఎర్ర మెత్త ఉన్న స్టూలు లాగి వేసింది.

జెస్సికాను ఎవరైనా మేడమ్ అనడం పుట్టాక అదే మొదలు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ చూస్తుంటే ఇంక తప్పక కూర్చుంది. కూర్చున్నాక తలెత్తి చూస్తే కౌంటరుకు అవతల అమ్మ నిలబడి ఉంది.

సువార్తమ్మ పొద్దున బీపీ బిళ్ళలు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. అవి ఇచ్చిపోదామని జెస్సికా గుళ్ళో ఆదివారం ఆరాధన అయిపోగానే ఆ తెల్ల డ్రెస్సుతోనే కంకిపాడులో బస్సెక్కింది. సువార్తమ్మ కూతుర్ని చూసింది. పక్కకి చూసింది. రెండు వరసల అవతల ఫ్లోర్ మేనేజరు గంగాప్రసాద్ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. ఆషాఢం సేల్ రోజుల్లో సేల్స్ వాళ్ళ కోసం ఇంటి మనుషులు రాకూడదు.

"ఏం చూపించమంటారమ్మా? మంగళగిరా, గద్వాలా?" అంది సువార్తమ్మ, ఎప్పుడూ ఎరగని మనిషితో మాట్లాడినట్టు.

జెస్సికాకు నవ్వొచ్చింది. "మంగళగిరి" అంది మెల్లగా.

అమ్మ చెయ్యి అరలోకి వెళ్ళి, చూడకుండానే ఒక చీర పట్టుకుంది. మణికట్టు ఒక్క తిప్పు తిప్పేసరికి చీర సగం విచ్చుకుని గ్లాసు మీద పరుచుకుంది, అంచు జెస్సికా వైపుకి వచ్చేట్టు. ఇంట్లో దుప్పటి దులిపే అమ్మేనా అనిపించింది. బిళ్ళల పొట్లం చీర కిందుగా జరిపితే, అమ్మ అలాగే చీర కిందినుంచి అందుకుని నడుములో దోపుకుంది.

స్టూలు పొట్టిది. కౌంటరు కింద జానెడు సందులోంచి అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి. కుడి పాదం చెప్పులోంచి బయటికొచ్చి ఎడమ పాదం మీద ఎక్కి కూర్చుంది. కాసేపటికి అది దిగి ఎడమది ఎక్కింది. పొలంలో కొంగ కాళ్ళు మార్చుకున్నట్టు. రెండు పాదాలూ ఉబ్బి ఉన్నాయి. చీలమండ ఎముక ఎక్కడుందో తెలియడం లేదు. మెట్టె వేలి కండలోకి కూరుకుపోయింది.

"అమ్మా, నువ్వు కూడా ఒక స్టూలు..."

"అయి కస్టమర్లకే. సేల్స్ వాళ్ళు కూర్చుంటే యాపారం కూర్చుంటదంటారు సారు." పెదాలు కదలకుండా అని, పైకి, "ఈ రంగు మీకు బాగుంటదమ్మా" అంది.

జెస్సికా లేవబోయింది. అమ్మ నిలబడి ఉంటే తను మెత్త మీద కూర్చోవడం ఒంటికి ముళ్ళు గుచ్చుకున్నట్టుంది.

"లేవమాకే. నువ్వు లేస్తే నన్ను పట్టుచీరల్లోకి పంపేత్తారు. ఇంకో రెండు చూడు. కాసేపు నీ మొహమన్నా చూత్తా."

అంతలో గంగాప్రసాద్ రానే వచ్చాడు. "ఏం మేడమ్, నచ్చలేదా? సువార్తమ్మా, ఆ కొత్త స్టాకు తియ్యి మేడమ్‌కి."

జెస్సికా బిగుసుకుపోయింది. ఏదో ఒకటి చెప్పాలి. బట్టల షాపుల్లో ఆడపిల్లలు చెప్పే మాటే నోటికొచ్చింది.

"ఈసారి మా అమ్మతో వస్తానండి" అంది.

కౌంటరు అవతల సువార్తమ్మ గబగబా కిందికి వంగి, లేని చీరను వెతకడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

సాయంత్రం దాకా జెస్సికా కింద మెట్ల పక్కనే కాచుకుంది. తిరుగు బస్సులో ఇద్దరూ నిలబడే వచ్చారు. ఆడవాళ్ళకు టికెట్టు లేదన్న దగ్గర్నుంచి ఆ వేళప్పుడు సీటన్నది కలలోని మాట. కంకిపాడులో దిగాక జెస్సికా అమ్మ చెయ్యి వదల్లేదు. ఇంటికి కాకుండా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ సువార్తమ్మ కాలిని బొటనవేలితో నొక్కి తీసింది. నొక్కినచోట గుంట పడింది. అది పూడుతుందేమోనని ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. పూడలేదు.

"రోజంతా నిలబడే పనా?"

"అవునండీ. అలవాటేనండీ."

"మీకు అలవాటయింది. కాళ్ళకి కాలేదు. కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకుని ఓ రెండు మూడు రోజులు కదలకుండా పడుకోండి. మీకు కావాల్సింది విశ్రాంతి."

సువార్తమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "దానికి బిళ్ళేమన్నా ఉందేమో రాయండమ్మా."

డాక్టరమ్మ నవ్వలేదు. "దానికి బిళ్ళ లేదమ్మా" అంది.

కాలవ గట్టు మీద నడుస్తూ సువార్తమ్మ నవ్వుతూనే ఉంది. బందరు కాలవలో నీళ్ళు గట్టును ఒరుసుకుని పారుతున్నాయి. ఇటు చేలల్లో నాట్లు పడుతున్నాయి. "విశ్రాంతంట! ఆ మాట గుళ్ళో పెద్దాయన ఏసుపాదంగారి నోట ఇంటాం, ఎవరన్నా పోతే. ఫలానావాళ్ళు విశ్రాంతిలో ప్రవేశించారు అని. బతికుండగా ఎవరికే అది?"

జెస్సికా నవ్వలేదు. అమ్మ పక్కనే, అమ్మంత మెల్లగా నడిచింది.

సోమవారం సువార్తమ్మ సెలవు అడిగింది. ఆ సంగతి ఆ సాయంత్రం గుమ్మంలో కూలబడి తనే చెప్పింది. జెస్సికా నాన్న సంజీవరావు అప్పుడే ఆటో కడిగి లోపలికొస్తున్నాడు. కంకిపాడు నుంచి బెంజ్ సర్కిల్ దాకా షేరు ఆటో తోలతాడు.

"ఎవరు పోయారన్నారు సారు. ఎవరూ పోలేదండీ అన్నా. మరెందుకు సెలవన్నారు. పడుకోటానికండీ అన్నా." సువార్తమ్మ పాదాలు వేణ్ణీళ్ళ బక్కెట్లో ఉన్నాయి. "ఫ్లోరు ఫ్లోరంతా నవ్వారు. పడుకోటానికి లీవంట అని సారు అందర్నీ పిలిచి మరీ చెప్పారు."

"పిచ్చిదానా, తాత పోయాడని చెప్పకపోయావా?" అన్నాడు సంజీవరావు.

"నా తాతని ఇంకెన్నిసార్లు సంపను? ఆ షాపులో ఆషాఢం వచ్చిందంటే ముసలాళ్ళెవరూ బతకరు. ఒకమ్మాయి అమ్మమ్మ నిరుడు పోయింది, మొన్న మళ్ళీ పోయింది. సావుకైతే సారు వెంటనే తలకాయ ఊపుతారు. నిజం చెప్తేనే నవ్వారు."

సంజీవరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మంచివాడే. కానీ అతనూ ఎండలో ఆటో తోలి వచ్చినవాడు. "ఆషాఢం అయిందాకా ఎట్టోగట్టా లాక్కురా. తర్వాత చూద్దాం" అన్నాడు.

తర్వాత శ్రావణమాసం. శ్రావణమాసంలో చీరల షాపు ఎలా ఉంటుందో ముగ్గురికీ తెలుసు.

మంగళవారం పొద్దున సంజీవరావు ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. సువార్తమ్మ తల దువ్వుకుని, షాపు వాళ్ళిచ్చిన మెరూన్ చీర కట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయింది. పట్టలేదు. గోడ పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. పట్టీ తెగిందే గానీ పాదం లోపలికి పోలేదు.

"అమ్మా, ఇవాళ వెళ్ళొద్దు" అంది జెస్సికా.

ఎప్పుడూ ఒక మాట గట్టిగా అనని పిల్ల. కాలేజీలో హాజరు పిలిస్తే పక్కపిల్ల లేచి, "వచ్చిందండీ" అని చెప్పాలి. అలాంటిది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సువార్తమ్మ కూతురి మొహంలోకి చూసి, ఫోను తీసింది.

"సార్, వందనాలండి. సువార్తమ్మనండి... ఇవాళ రాలేనండి... ఎవరూ పోలేదండి... కాళ్ళు సార్..." తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకుంది. "మద్దేనానికన్నా రావాలంట. ఫోన్ చేత్తారంట. రాకపోతే ఇంక శ్రావణానికి వేరే మనిషిని చూసుకుంటారంట. సారు ఫోన్ చేస్తే నన్ను లేపవే, మర్చిపోమాక."

జెస్సికా తల ఊపింది. దేనికి ఊపిందో తనకే తెలియదు.

అమ్మకు నాలుగు ఇడ్లీలు పెట్టి, నవారు మంచం మీద పక్క వేసి, కాళ్ళవైపు రెండు దిండ్లు పెట్టింది. సువార్తమ్మ పడుకుంది. పడుకుని లేచింది.

"దణ్ణెం మీద బట్టలు ఆరినట్టున్నాయే."

జెస్సికా వెళ్ళి బట్టలు తీసి, ఒక కుప్పగా పక్కింటి అరుగు మీద పడేసి వచ్చింది. ఇంట్లో ఉంటే అమ్మ మడత పెడుతుంది.

"తలుపెయ్యి. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? పొద్దెక్కినాక పడుకుంటే దరిద్రమంటారు."

"తలుపేస్తే గాలాడదు."

"అయితే దుప్పటన్నా కప్పు. జ్వరమనుకుంటారు."

జెస్సికా దుప్పటి గడ్డం దాకా కప్పింది. సువార్తమ్మ ఇంకొంచెంసేపు పైకప్పు వంక చూసింది. సింకులో గిన్నెల గురించి ఒకసారి, కోడిపెట్ట గురించి ఒకసారి అడిగింది. మూడోసారి నోరు తెరిచి, అడగబోయింది అడక్కుండానే నిద్రపోయింది.

నిద్రలో కూడా ఆమె వేళ్ళు ఊరుకోలేదు. దుప్పటి అంచు పట్టుకుని పాత మడత వెతుకుతున్నాయి. రెండు వేళ్ళతో పట్టి, సవరించి, లోపలికి తిప్పి, మళ్ళీ మొదటికి. జెస్సికా ఆ అంచును మెల్లగా విడిపించి అమ్మ చేతులు రెండూ గుండెల మీద పెట్టింది.

ఫోను మోగింది. మొదటి మోతకే జెస్సికా దాన్ని రెండు చేతుల్లో బంధించి వంటగదిలోకి పరిగెత్తింది. మేనేజరు కాదు. సంఘ పెద్ద ఏసుపాదం తాతగారు. ఆయనకు చెవులు మందం. అవతలివాళ్ళకూ అంతేననుకుని అరిచి మాట్లాడతారు.

"వందనాలమ్మా సువార్తమ్మా! మొన్న ఆదివారం గుళ్ళో కనపళ్ళేదే?"

"తాతగారూ, వందనాలండి. నేను జెస్సికానండి."

"అమ్మేదమ్మా?"

పడుకుంది అన్న మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఊరంతా చేలల్లో నడుములు వంచిన వేళ, ఎండ వాకిట్లోకి వచ్చాక, ఆడమనిషి పడుకుందని సంఘ పెద్దతో ఎలా చెప్పడం? కాస్త పరువైన మాట కావాలి. డాక్టరమ్మ వాడిన మాట గుర్తొచ్చింది.

"అమ్మ విశ్రాంతిలో ఉందండి" అంది, గుసగుసగా.

"ఏమన్నావు తల్లీ?"

"విశ్రాంతిలో ఉందండి తాతగారూ."

"ఎప్పుడమ్మా?" ఆయన గొంతు అంత చిన్నగా జెస్సికా ఎప్పుడూ వినలేదు.

"ఇందాకేనండి. ఇడ్లీ తిని అట్టా వాలింది, అంతేనండి."

"బాధేమన్నా పడ్డదా?"

"ఇన్నాళ్ళూ పడిందండి. ఇప్పుడు హాయిగా ఉంది."

"మీ నాన్న?"

"ఆటో తీసుకెళ్ళాడండి. నాన్నకింకా తెలీదండి."

"ఒక్కదానివే ఉన్నావా తల్లీ?"

"అవునండి. నేను చూసుకుంటానండి. ఎవరూ రానక్కర్లేదండి."

"రాకుండా ఎట్టా ఉంటామమ్మా!" ఆయన గొంతు బొంగురుపోయింది. "ధైర్యంగా ఉండు. వచ్చేత్తన్నాం."

అమ్మంటే పెద్దాయనకు ఎంత అభిమానమో అనుకుంది జెస్సికా. అసలు ఇలా ఫోన్లు వస్తూ ఉంటే అమ్మకు నిద్రెక్కడిది? ఫోను నోరు నొక్కేసి, బియ్యం డ్రమ్ములో మణికట్టు లోతున పూడ్చిపెట్టింది. వచ్చి గుమ్మంలో కాపలా నిలబడింది. కూర్చుంటే తనకూ కునుకు పడుతుందని భయం.

కాసేపటికి గుడి గంట మోగింది. ప్రార్థనకు కొట్టినట్టు గలగలా కాదు. ఒక్కటి. ఆ మోత పొలాల మీద పూర్తిగా ఆగిపోయాక ఇంకొకటి.

అయ్యో పాపం, ఎవరో పోయినట్టున్నారు అనుకుంది. అమ్మ లేస్తుందేమోనని వెళ్ళి కిటికీ మూసింది.

మళ్ళీ గుమ్మంలోకి వచ్చేసరికి కాలవ గట్టు మీదినుంచి ఆడవాళ్ళు పరుగున వస్తున్నారు. నాట్ల ముఠా. మోకాళ్ళ దాకా బురద, ఎగ్గట్టిన చీరలు ఎగ్గట్టినట్టే ఉన్నాయి. ఒకామె చేతిలో నారు కట్ట అలాగే ఉంది. ముందు అమలమ్మ. ముఠాను నడిపేది ఆమే. వీధి మొదట్లోంచే ఎత్తుకుంది.

"ఓ సువార్తా! ఎంత పని చేశావే తల్లో!"

జెస్సికా రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం పెట్టింది. "మెల్లగా పెద్దమ్మా! అమ్మ లేస్తుంది!"

ఆ మాటతో ముఠా మొత్తం గొల్లుమంది.

"పిచ్చిపిల్ల! ఇంకా లేచుద్దనుకుంటందే!" అమలమ్మ జెస్సికాను గుండెకు అదుముకుంది. బురద, చెమట, పచ్చినారు వాసన. ఊపిరాడని ఆ కౌగిట్లో జెస్సికాకు ఒక్కొక్కటీ అర్థమైంది. గంట. ఎప్పుడమ్మా అన్న చిన్నగొంతు. విశ్రాంతిలో ప్రవేశించారు.

నోరు తెరిచింది. అప్పటికే ఆడవాళ్ళు లోపలికి తోసుకుపోయారు. మంచం మీద సువార్తమ్మ వెల్లకిలా, గడ్డం దాకా దుప్పటి, గుండెల మీద చేతులు. శవాన్ని పడుకోబెట్టినా అంత కుదురుగా పడుకోదు. అమలమ్మ మంచంపట్టె మీద తల పెట్టి రాగం అందుకుంది. "నా తోడు పోయావా, నిన్న కాక మొన్న పలకరించావే..."

సువార్తమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది.

"ఎవరే పోయింది?" అంది గాభరాగా.

అమలమ్మ రాగం సగంలో తెగింది. "నువ్వేనే!"

నారు కట్ట పట్టుకున్నామె దాన్ని కింద పడేసింది. తర్వాత ఎవరు మొదలుపెట్టారో గానీ నవ్వు మొదలైంది. ఏడ్చిన కళ్ళతోనే నవ్వారు. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అప్పుడే ఏసుపాదం తాతగారు భుజం మీద మడత పెట్టిన తెల్లబట్టతో గుమ్మంలోకి వచ్చారు. చావింట్లో ఈ నవ్వులేమిటని విస్తుపోయి, మంచం మీద లేచి కూర్చున్న మనిషిని చూసి, ద్వారబంధం పట్టుకున్నారు.

జెస్సికా ఏడుస్తూ జరిగింది చెప్పింది. "పడుకుందని చెప్పడానికి సిగ్గేసిందండి" అంది చివరికి.

"గంట కొట్టించేశానమ్మా" అన్నారు ఏసుపాదం తాతగారు. "దాన్నిప్పుడు వెనక్కెట్టా తీసుకునేది?"

సువార్తమ్మ నవ్వలేదు. ఆమె మొహం చిన్నబోయింది. "నేను పగలు పడుకున్నందుకు ఎంత పనయింది! చేలో పని మానుకుని వచ్చారు. ఉండండి, టీ అన్నా పెడతా" అని కాలు కింద పెట్టబోయింది.

అమలమ్మ ఆ కాలు పట్టుకుంది. పట్టుకున్నచోట తన వేళ్ళు దిగబడ్డాయి. చెయ్యి తీసి ఆ గుంటలు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"సచ్చిన మనిషి టీ పెట్టుద్దా ఎక్కడన్నా? పడుకో" అంది. పాదాన్ని తనే ఎత్తి దిండు మీద పెట్టింది, పసిబిడ్డను పెట్టినట్టు.

అరగంట తిరక్కుండానే బయట ఆటో కీచుమని ఆగింది. సంజీవరావు ఒక్క చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక సింధూరి, అమలమ్మ కోడలు, షాపు మెరూన్ చీరలో వెక్కుతూ వచ్చింది. అత్త ఫోను చేస్తే మేనేజరుకు చెప్పి, కిందికి దిగి, ఆటో స్టాండులో సంజీవరావుకు ఆమే చెప్పిందట.

సంజీవరావు గుమ్మంలో ఆగిపోయాడు. భార్య అతన్ని చూసింది.

"ఏం కాలేదయ్యా. పడుకున్నానంతే" అంది, తప్పు ఒప్పుకున్నట్టు.

అతను గోడ పట్టుకుంటూ వచ్చి మంచం కాళ్ళవైపు కూలబడ్డాడు. దిండు మీది పాదాలు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతమంది ముందు. సువార్తమ్మ సిగ్గుతో లాక్కోబోతే వదల్లేదు.

"ఎట్టోగట్టా లాక్కురమ్మన్నా కదే నిన్ను" అన్నాడు.

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో ఆమెను మోచేత్తో పొడిచారు.

"మరి చేలోకి పోదామా?" అంది ఒకామె, అయిష్టంగా.

"ఏమని పోతాం? సావుకని చెప్పొచ్చాం. రైతు కూడా పాపమన్నాడు, ఇయ్యాల్టికి వదిలేశాడు" అంది ఇంకొకామె.

"అబద్ధం ఆడినట్టయింది కదంటే?"

అమలమ్మ అరుగు మీద కాళ్ళు చాపి కూర్చుంటూ అంది. "ఏం చెప్పాం మనం? సువార్త విశ్రాంతిలో ఉందని చెప్పాం. ఉంది. ఇందులో అబద్ధమేముంది?" కాసేపాగి, "నా నడుం కూడా పోయినట్టే ఉంది. దానికీ ఓ గంట కొట్టించండి తాతగారూ" అంది.

"ప్రార్థన చేద్దాం" అన్నారు ఏసుపాదం తాతగారు. వచ్చినందుకు ఏదో ఒకటి చెయ్యాలి కదా.

ఆయన ప్రార్థన సంగతి పేటలో అందరికీ తెలుసు. ఊరుతో మొదలుపెట్టి, కాలవ, చేలు, బళ్ళు, ఆసుపత్రులు, పాలకులు అన్నీ తిరిగి గానీ ఇంటికి రారు. అందరూ తలల మీద కొంగులు కప్పుకుని కళ్ళు మూసుకున్నారు. బియ్యం డ్రమ్ము పక్కన జెస్సికా ఒక్కతే కళ్ళు తెరిచి ఉంది.

కాలవ దగ్గరికి వచ్చేసరికి సువార్తమ్మ తల పక్కకు వాలింది. బళ్ళ దగ్గర అరుగు మీది ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు ఒరిగారు. సింధూరి మెరూన్ చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా నేల మీద ముడుచుకుంది. ఆమె పాదాలూ ఉబ్బే ఉన్నాయి. అమలమ్మ నోరు తెరుచుకుని గురక మొదలుపెట్టింది. సంజీవరావు మంచంపట్టెకు తల ఆనించి, ఒళ్ళో పాదాలు ఒళ్ళోనే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఏసుపాదం తాతగారు నడుమ ఒకసారి కళ్ళు తెరిచారు. అందర్నీ ఒకసారి కలయజూశారు. ఆయన గొంతు తగ్గింది. పాలకుల్ని వదిలేశారు. ఎవరికీ వినపడనంత మెల్లగా "ఆమేన్" అని, తెల్లబట్ట విప్పి సువార్తమ్మకు కాదు, నేల మీద ముడుచుకున్న సింధూరికి కప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు.

డ్రమ్ములో బియ్యం గురగురమన్నాయి. జెస్సికా చెయ్యి పెట్టి ఫోను బయటికి తీసింది. ఈసారి మేనేజరే. పెరట్లోకి వెళ్ళింది.

"సువార్తమ్మ వాళ్ళ అమ్మాయేనా? సింధూరి చెప్పిందమ్మా" అన్నాడు గంగాప్రసాద్. గొంతు నిజంగానే బరువుగా ఉంది. "పొద్దున నేనే ఏదో అన్నాను కూడా... మంచి మనిషి. కస్టమర్లు పేరు పెట్టి అడిగేవాళ్ళు. షాపు తరపున దండ పంపిస్తున్నాం."

"అమ్మ పోలేదండి."

"ఆఁ?"

జెస్సికా ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "పడుకుందండి. నిద్రపోతోంది."

"పోలేదా? హమ్మయ్య!" ఫోనులోంచి గాలి వదిలిన చప్పుడొచ్చింది. వెంటనే, "అయితే లేపమ్మా. మధ్యాహ్నం నుంచి జనం పోటెత్తుతారు."

జెస్సికా గుమ్మంలోంచి లోపలికి చూసింది. అమ్మ చెప్పిన మాట గుర్తుంది. శ్రావణానికి వేరే మనిషి అన్న మాటా గుర్తుంది.

"లేపనండి" అంది.

"ఏంటీ?"

"లేపనండి. కాళ్ళు నొక్కితే గుంటలు పడుతున్నాయండి. డాక్టరమ్మ పడుకోమంది. రేపు కూడా పడుకుంటదండి."

"పగటిపూట నిద్రేంటమ్మా?"

"పగటిపూటేనండి."

"పోనీ ఆ సింధూరినన్నా పంపు!"

"ఆ అక్క కూడా నిద్రపోతోందండి."

అవతల షాపు హోరు వినపడుతోంది. ఎవరో "సార్, బిల్లు" అంటున్నారు. "అసలు ఎవరమ్మా నువ్వు, ఇంత..." అని ఆగాడు గంగాప్రసాద్.

"ఆదివారం మీ షాపుకొచ్చానండి. తెల్ల డ్రెస్సు. నన్ను స్టూలేసి కూర్చోబెట్టారు. చీరలు చూపించింది మా అమ్మేనండి." ఫోను రెండో చెవికి మార్చుకుంది. "అమ్మతో వస్తానని చెప్పా కదండి. ఎల్లుండి వస్తామండి."

ఆ హోరులో ఆ పొట్టి స్టూలు, ఆ జానెడు సందు అతనికి కనపడ్డాయో లేదో జెస్సికాకు తెలియదు.

"ఎల్లుండి పెందలాడే రమ్మను" అన్నాడు గంగాప్రసాద్ చివరికి. మళ్ళీ, ఇష్టం లేనట్టే, "కౌంటరు లోపలికి ఒక స్టూలు పడుద్దేమో చూస్తాలే" అని పెట్టేశాడు.

జెస్సికా లోపలికి వచ్చింది. అమలమ్మ గురక, బయట కోడిపెట్ట అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేవు. పొద్దుటినుంచీ తనూ నిలబడే ఉందని అప్పుడు తెలిసింది. మంచం పక్కన, సింధూరి అక్క తలకు తగలకుండా చోటు చూసుకుని కూర్చుంది.

దుప్పటి అంచు అమ్మ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అమ్మ వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. దేన్నీ వెతకలేదు. విచ్చుకుని, ఊరికే ఉన్నాయి.